ఈల వైపు నుంచి చూసిన స్టిమాక్

ఫుట్‌బాల్ మ్యాచ్‌లో అందరి కళ్లూ బంతి వెంట పరుగెడతాయి. నా కళ్లు రెఫరీ వెంట పరుగెడతాయి. రైల్వేలో ఉద్యోగం చేసుకుంటూ, సెలవు రోజుల్లో సికింద్రాబాద్ మైదానాల్లో లీగు మ్యాచ్‌లకు ఈల ఊదిన కాలంలో అంటుకున్న అలవాటు ఇది. ఇప్పుడు మోకాళ్లు పరుగుకు ఒప్పుకోవు కానీ అలవాటు మాత్రం పోలేదు. ఇంట్లో వాళ్లంతా గోల్ చూసి గంతులేస్తుంటే, ఆ క్షణాన లైన్స్‌మన్ ఎక్కడ నిలబడ్డాడా అని నేను వెతుకుతుంటాను. నేను చేసేది ఆట చూడటం కాదనీ, తనిఖీ చేయడమనీ మా ఆవిడ అభిప్రాయం.

అందుకే ఇగోర్ స్టిమాక్ గురించి నాకు గుర్తున్న సంగతులన్నీ ఈల చుట్టూనే తిరుగుతాయి. అయిదేళ్లు మన జాతీయ జట్టుకు కోచ్‌గా ఉన్నాడు కాబట్టి ఆ పేరు ఇక్కడ చాలామందికి తెలుసు. నాకు మాత్రం ఆయన 1998 నుంచీ పరిచయం. పరిచయమంటే టీవీలో చూడటమే అనుకోండి.

ఆ ఏడాది ప్రపంచ కప్ ఫ్రాన్స్‌లో జరిగింది. జూన్ ఉక్క భరించలేక క్వార్టర్స్ వరండాలోకి టీవీ తెచ్చి పెట్టుకునేవాళ్లం. చూడటానికి వచ్చేవాళ్లలో సగం మంది బ్రెజిల్ పక్షం, మిగతా సగం అర్జెంటీనా పక్షం. ఎరుపు తెలుపు గళ్ల చొక్కాలతో దిగిన క్రొయేషియాను మొదట ఎవరూ పట్టించుకోలేదు. దాదాపు 45 లక్షల జనాభా ఉన్న దేశం. అప్పటి జంటనగరాల జనాన్ని లెక్కేసినా కాస్త అటూ ఇటూగా అంతే ఉండేది. యుగోస్లావియా నుంచి విడిపోయి, యుద్ధం చూసి, 1992లో ఫిఫాలో చేరి, మొదటిసారి ప్రపంచ కప్‌కు వచ్చింది. జమైకాను 3-1తో, జపాన్‌ను 1-0తో ఓడించి, అర్జెంటీనా చేతిలో 0-1తో ఓడినా తర్వాతి దశకు చేరింది.

రొమేనియాతో మ్యాచ్ మన వేళకు రాత్రి ఎనిమిదింటికి. రెఫరీ అర్జెంటీనాకు చెందిన హవియెర్ కాస్త్రిల్లి. కఠినుడని పేరు. క్రొయేషియాకు పెనాల్టీ ఇచ్చాడు, డావర్ షూకర్ గోల్ కొట్టాడు. అయితే షూకర్ బంతిని తన్నకముందే ఆటగాళ్లు పెనాల్టీ బాక్స్ లోపలికి చొరబడ్డారని మళ్లీ తన్నమన్నాడు. వరండాలో గోల మొదలైంది. నేను ఒక్కణ్ణే ‘సరైన నిర్ణయం’ అన్నాను. షూకర్ ముఖంలో ఏ మార్పూ లేదు. మళ్లీ అదే వైపు చూసి మళ్లీ గోల్ కొట్టాడు. ఆ రాత్రి నుంచి మా వరండాలో మూడో పక్షం ఒకటి పుట్టింది. ఆ పక్షానికి అప్పటికి సభ్యుణ్ణి నేనొక్కణ్ణే.

అందరికీ షూకర్ నచ్చాడు, కొందరికి కెప్టెన్ బోబన్ నచ్చాడు. కోచ్ మిరొస్లావ్ బ్లాజెవిచ్‌కైతే నచ్చకుండా ఉండే అవకాశమే లేదు. ఆ టోర్నీలో జర్మన్ అల్లరిమూకలు లాన్స్ నగరంలో డానియల్ నివెల్ అనే ఫ్రెంచ్ పోలీసును చావబాదితే, ఆయన మీద గౌరవంతో బ్లాజెవిచ్ ఫ్రెంచ్ పోలీసు టోపీ పెట్టుకుని కనిపించాడు. ఇవన్నీ చూస్తూనే నేను 4వ నంబరు చొక్కా వైపు చూసేవాణ్ణి. డిఫెన్స్ మధ్యలో ఎత్తైన మనిషి, నోటితో ఎంత మాట్లాడతాడో చేతులతోనూ అంతే మాట్లాడతాడు. అతనే స్టిమాక్.

మా రెఫరీల భాషలో డిఫెండర్లు రెండు రకాలు. తప్పు చేసి తల వంచుకుని వెనక్కి నడిచేవాడు ఒకడు. తప్పు చేసి, ‘నేనేం చేశాను?’ అంటూ రెండు చేతులూ చాపి మన ముఖం మీదికి వచ్చేవాడు ఇంకొకడు. మొదటివాడితో పని సులువు. రెండోవాడు ఉన్న మ్యాచ్‌కు వెళ్లే ముందు రోజు రాత్రి సరిగా నిద్ర పట్టదు. చిత్రమేమిటంటే, ఆట మానేశాక గుర్తుండేదీ, ఎక్కడైనా ఎదురుపడితే కావలించుకునేదీ ఈ రెండోవాడే. స్టిమాక్ నిస్సందేహంగా రెండో రకం.

జర్మనీతో క్వార్టర్ ఫైనల్ రాత్రి పన్నెండున్నరకు. ఆ మ్యాచ్‌కు ఒక పాత లెక్క ఉంది. రెండేళ్ల క్రితం, 1996 యూరో కప్ క్వార్టర్ ఫైనల్లో, మాంచెస్టర్ ఓల్డ్ ట్రాఫర్డ్‌లో ఇవే రెండు జట్లు తలపడ్డాయి. షూకర్ గోల్‌తో స్కోరు 1-1 అయిన కాసేపటికే, 56వ నిమిషంలో, స్టిమాక్‌కు ఎర్ర కార్డు. మూడు నిమిషాలు తిరిగేసరికి సామర్ గోల్ కొట్టాడు. జర్మనీ 2-1తో గెలిచి, చివరికి కప్పు కూడా ఎత్తుకుపోయింది. పదిమందితో మిగిలిన జట్టు బాధ ఎలా ఉంటుందో మైదానంలో ఉన్నవాళ్లకే తెలుస్తుంది. తనవల్లే పదిమంది మిగిలారని తెలిసినవాడి సంగతి చెప్పనక్కర్లేదు.

1998లో లియోన్‌లో అదంతా తిరగబడింది. ఆ ఏడాది ఫిఫా వెనక నుంచి కాళ్లు తగిలించే టాకిల్స్ మీద చాలా గట్టిగా ఉండమని రెఫరీలకు చెప్పింది. నార్వే రెఫరీ రూనె పెడెర్సెన్ 40వ నిమిషంలో, షూకర్‌ను పడగొట్టినందుకు జర్మనీ డిఫెండర్ వోర్న్స్‌కు ఎర్ర కార్డు చూపించాడు. హాఫ్ టైమ్ ఈల పడబోతుండగా యార్ని దూరం నుంచి కొట్టిన గోల్, చివర్లో వ్లావోవిచ్, షూకర్. 3-0. మూడుసార్లు ప్రపంచ కప్ గెలిచిన జట్టు మీద, మొదటిసారి వచ్చిన జట్టు. వెనక స్టిమాక్, బిలిచ్, షిమిచ్ ముగ్గురూ క్లిన్స్‌మన్‌కు గోల్ వైపు తిరిగే సందు ఇవ్వలేదు. మా వరండాలో మూడో పక్షం సభ్యుల సంఖ్య ఆ రాత్రి ఒక్కసారిగా పెరిగిపోయింది.

ఆ గుంపులో అప్పటికే డెబ్బై దాటిన పెద్దాయన ఒకరుండేవారు. మైదానంలో అందరం ఆయన్ను ‘ఉస్తాద్’ అని పిలిచేవాళ్లం. ఒకనాటి మన జాతీయ జట్టు కోచ్ రహీమ్ సాబ్ శిక్షణ కళ్లారా చూసిన తరం. జర్మనీ ఓడిన ఆ రాత్రి టీ తాగుతూ, ‘ఈ గళ్ల చొక్కాలవాళ్లు ఎవరనుకున్నావు బేటా? మెల్‌బోర్న్‌లో మనల్ని ఓడించినవాళ్ల మనవలు’ అన్నారు.

ఆయన మాటలో అతిశయోక్తి లేదు. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో మన జట్టు యుగోస్లావియా చేతిలో 1-10తో ఓడింది. మనవాళ్లలో చాలామంది బూట్లు లేకుండా ఆడిన చలి రోజది. అవతలి జట్టులో జెబెత్స్, వుకాస్, చైకోవ్‌స్కీ, గోల్‌కీపర్ బేరా లాంటి క్రొయేషియా గడ్డ మీద పుట్టిన ఘనులు ఉన్నారు. ఆ దెబ్బ తర్వాతే మన ఫుట్‌బాల్ బూట్లలోకి వచ్చింది. నాలుగేళ్లకు, 1956లో, మెల్‌బోర్న్ ఒలింపిక్స్ సెమీఫైనల్లో మళ్లీ వాళ్లే ఎదురయ్యారు. ఈసారి సయ్యద్ అబ్దుల్ రహీమ్ తీర్చిదిద్దిన జట్టు వేరు. అజీజ్, నూర్, తంగరాజ్, బలరామ్, జుల్ఫికర్... మన హైదరాబాద్, సికింద్రాబాద్ మైదానాల్లో పెరిగినవాళ్లే ఎంతమందో. 52వ నిమిషంలో నెవిల్ డిసౌజా గోల్ కొట్టగా, ఒలింపిక్ సెమీస్‌లో భారత్ 1-0 ఆధిక్యంలో నిలిచింది. అది రెండు నిమిషాలే నిలిచింది. హైదుక్ స్ప్లిట్‌కు ఆడిన జ్లాట్కో పాపెత్స్ రెండు గోల్స్ కొట్టాడు, చివరికి 1-4. భారత జట్టు ఒలింపిక్స్‌లో అంత దూరం మళ్లీ వెళ్లలేదు. ఉస్తాద్ ఆ రెండు నిమిషాల గురించి చెప్పేటప్పుడు గడియారం చూసుకునేవారు, ఇంకా ఆట నడుస్తున్నట్టు.

ఆ హైదుక్ స్ప్లిట్టే స్టిమాక్‌నూ తయారుచేసింది. స్టిమాక్ 1967 సెప్టెంబర్ 6న మెట్కోవిచ్‌లో పుట్టాడు. నెరెట్వా నది ఆడ్రియాటిక్ సముద్రంలో కలిసే లంక భూముల్లో, బోస్నియా సరిహద్దుకు ఆనుకుని ఉన్న చిన్న ఊరు. నారింజ జాతి తోటలకు ప్రసిద్ధి. మన కోనసీమవాళ్లు చూస్తే కొబ్బరి చెట్లు ఎక్కడని అడుగుతారేమో కానీ, మిగతా అంతా తెలిసిన చోటులాగే ఉంటుంది. అక్కడి నుంచి తీరం వెంట వాయవ్యంగా వెళ్తే స్ప్లిట్ నగరం. ప్రాగ్‌లో చదువుకుంటున్న స్ప్లిట్ విద్యార్థులు అక్కడి బీరు సత్రంలో కూర్చుని 1911లో పెట్టుకున్న క్లబ్ హైదుక్. ఆ క్లబ్ అంటే ఆ తీరప్రాంతానికి ఎంత పిచ్చో, ఆ ఊరి గోడల మీద బొమ్మల ఫోటోలు చూసినా తెలుస్తుంది.

1987లో చిలీలో యువకుల ప్రపంచ కప్ జరిగింది. యుగోస్లావియా జట్టులో బోబన్, షూకర్, ప్రొసినెచ్కి, యార్ని, మియాతోవిచ్, వాళ్లతోపాటు స్టిమాక్. ఫైనల్లో పశ్చిమ జర్మనీ మీద 1-1, పెనాల్టీల్లో 5-4తో కప్పు. అంత మంచి తరం ఒకే దేశానికి ఆడిన పెద్ద పోటీ మరొకటి లేదనే చెప్పాలి. ఆ పిల్లలు పెద్దవాళ్లయ్యేసరికి ఆ దేశమే లేదు.

1991 మే 8న బెల్‌గ్రేడ్‌లో యుగోస్లావియా కప్ ఫైనల్. ఒకవైపు సెర్బియా గర్వంగా చెప్పుకునే రెడ్ స్టార్, మరోవైపు హైదుక్. యుద్ధం గుమ్మంలో ఉంది. రెడ్ స్టార్‌కు ఆడుతున్న సినిషా మిహైలోవిచ్‌కూ స్టిమాక్‌కూ మైదానంలో గొడవ జరిగి ఇద్దరికీ ఎర్ర కార్డులు పడ్డాయి. బోక్షిచ్ గోల్‌తో హైదుక్ గెలిచింది. ఆ గొడవలో ఎవరు ఏమన్నారన్నది వాళ్లిద్దరూ తర్వాత ఎన్నో ఏళ్లు వాదించుకున్నారు, అందులోకి నేను వెళ్లను. నాకు ఆ మ్యాచ్ రెఫరీ మీదే జాలి. చొక్కా పట్టుకున్నవాడిని విడదీయడం నాకు తెలుసు, బస్తీ మ్యాచ్‌ల్లో ఎన్నోసార్లు చేశాను. ఒక దేశం చీలిపోతుంటే మధ్యలో నిలబడి ఈల ఊదడం ఏ పుస్తకంలోనూ రాసి ఉండదు.

యుద్ధ కాలంలో స్టిమాక్ స్పెయిన్‌లో కాదిజ్‌కు ఆడి, మళ్లీ హైదుక్‌కు వచ్చాడు. ఆ జట్టు 1994-95 చాంపియన్స్ లీగ్‌లో క్వార్టర్ ఫైనల్ దాకా వెళ్లి, ఆ ఏడాది కప్పు గెలిచిన అయాక్స్ చేతిలోనే ఆగింది. ఆ తర్వాత 1995 చివర్లో ఇంగ్లాండ్‌లో రెండో అంచెలో ఉన్న డెర్బీ కౌంటీ. ఈ ఘట్టం నాకు భలే ఇష్టం. మొదటి మ్యాచ్‌లోనే గోల్ కొట్టాడు, అయినా జట్టు ట్రాన్‌మీర్ చేతిలో 1-5తో చిత్తయింది. డిఫెన్స్ బాగుచేయడానికి తెచ్చుకున్న మనిషి వచ్చిన రోజే అయిదు గోల్స్ పడితే ఎవరైనా ఏమనుకుంటారు? ఆ తర్వాత డెర్బీ వరుసగా 20 మ్యాచ్‌ల్లో ఓడలేదు. ఆ సీజన్ ముగిసేసరికి ప్రీమియర్ లీగ్‌కు చేరింది. అక్కడి ముసలి అభిమానులు ఇప్పటికీ ఆయన పేరు తలుచుకుంటారంటే అందుకే. 1999లో వెస్ట్ హామ్‌కు, 2001లో చివరిసారి హైదుక్‌కు వెళ్లి, 2002లో బూట్లు విప్పేశాడు. క్రొయేషియాకు 53 మ్యాచ్‌లు ఆడాడు.

మళ్లీ 1998కి వస్తే, ఫ్రాన్స్‌తో సెమీఫైనల్ నాకు ఇప్పటికీ మింగుడు పడదు. హాఫ్ టైమ్ తర్వాత మొదటి నిమిషంలోనే షూకర్ గోల్. మరుసటి నిమిషంలోనే తురామ్ సమం చేశాడు. 70వ నిమిషంలో మళ్లీ తురామే. ఫ్రాన్స్‌కు అంతకుముందు ఒక్క గోల్ కూడా కొట్టని డిఫెండర్ ఆ రాత్రి రెండు కొట్టాడు, తర్వాత మరెప్పుడూ కొట్టలేదు. కాసేపటికి ఫ్రీకిక్ దగ్గర తోపులాటలో లోరాన్ బ్లాన్ చెయ్యి తగిలిందని బిలిచ్ నుదురు పట్టుకుని పడిపోయాడు. స్పెయిన్ రెఫరీ గార్సియా అరాందా బ్లాన్‌ను బయటికి పంపాడు, పాపం ఆయనకు ఫైనల్ దక్కలేదు. చెయ్యి తగిలింది నుదుటికి కాదని రీప్లేలో మా వరండా అంతా చూసింది. ‘ఇప్పుడేమంటారు రెఫరీగారూ?’ అని అందరూ నా వైపు తిరిగారు. ఏమంటాను? ఆ క్షణంలో రెఫరీ నిలబడ్డ చోటు నుంచి చూస్తే నేనూ అదే కార్డు తీసేవాణ్ణి. రీప్లే చూసేవాడికి ఉన్న కళ్లు మైదానంలో ఉన్నవాడికి లేవు. అప్పట్లో అయితే అసలే లేవు.

మూడో స్థానం కోసం నెదర్లాండ్స్‌ను 2-1తో ఓడించి కంచు పతకాలు వేసుకున్నారు. షూకర్ ఆరు గోల్స్‌తో టోర్నీలో అందరికంటే ముందు నిలిచాడు.

ఆటగాడు కోచ్ కావడం మామూలే. కోచ్‌గా ఉన్నవాడు రెఫరీ కూడా అయితేనే విశేషం. ఆ విషయంలో మా హైదరాబాద్‌కు ఒక పేరు ఉంది. రహీమ్ సాబ్ కుమారుడు సయ్యద్ షాహిద్ హకీమ్ 1960 రోమ్ ఒలింపిక్స్ జట్టులో ఉన్నారు, వైమానిక దళంలో స్క్వాడ్రన్ లీడర్‌గా పనిచేశారు, 1982 ఢిల్లీ ఆసియా క్రీడల్లో జాతీయ జట్టు సహాయ కోచ్, పైగా ఫిఫా బ్యాడ్జీ ఉన్న అంతర్జాతీయ రెఫరీ. 2017లో ధ్యాన్‌చంద్ పురస్కారం అందుకుని, 2021 ఆగస్టులో కన్నుమూశారు. మూడు వైపుల నుంచీ ఆట చూసిన మనిషి. స్టిమాక్ కూడా జీవితంలో ఒక్క సీజన్ ఈల పట్టుకుని ఉంటే ఎలా ఉండేదా అని నేను చాలాసార్లు అనుకున్నాను. ఆయనకు మేలు జరిగేదో లేదో కానీ, ఆ సీజన్‌లో ఎర్ర కార్డులకు కొరత ఉండేది కాదు.

ఆయన కోచింగ్ మొదటి రోజులు నేను పెద్దగా చూడలేదు. 2012లో క్రొయేషియా జాతీయ జట్టు చేతికి వచ్చింది. 2013 మార్చి 22న జాగ్రెబ్‌లో సెర్బియాతో మ్యాచ్ మాత్రం చూసి తీరాలనుకున్నాను. ఎందుకంటే అవతలి కోచ్ మిహైలోవిచ్. 1991లో ఒకరి మీద ఒకరు పడినవాళ్లు, ఇప్పుడు కోట్లు వేసుకుని టచ్‌లైన్ దగ్గర చేతులు కలుపుకున్నారు. క్రొయేషియా 2-0తో గెలిచింది. ఆ ఏడాది శరదృతువులో స్కాట్లాండ్ చేతిలో ఓటమితో ఆయన ఉద్యోగం పోయింది, జట్టును నికో కొవాచ్ ప్లేఆఫ్స్ గట్టెక్కించి బ్రెజిల్‌లో జరిగిన 2014 ప్రపంచ కప్‌కు తీసుకెళ్లాడు. తర్వాత స్టిమాక్ ఇరాన్‌లో, ఖతార్‌లో పనిచేశాడు.

2019 మే నెలలో పేపర్‌లో వార్త చదివి నాకు నేనే నవ్వుకున్నాను. 4వ నంబరు మన దేశానికి కోచ్‌గా వస్తున్నాడు. ఉస్తాద్ అప్పటికి లేరు. ఉండి ఉంటే, ‘మనల్ని పది గోల్స్‌తో కొట్టినవాళ్ల మనవడే ఇప్పుడు మనకు పాఠం చెప్తాడా’ అని మీసం మెలేసేవారు.

మొదటి మ్యాచ్ థాయ్‌లాండ్‌లో కురసావో మీద, 1-3 ఓటమి. ట్రాన్‌మీర్ కథ తెలిసినవాణ్ణి కాబట్టి నేను కంగారు పడలేదు. ఆ సెప్టెంబర్‌లో దోహాలో ఖతార్‌తో 0-0. ఖతార్ అప్పుడు ఆసియా చాంపియన్, మనకు సునీల్ ఛెత్రి ఒంట్లో బాగోలేక ఆడలేదు. గోల్‌కీపర్ గుర్‌ప్రీత్ సింగ్ సంధు ఆ రాత్రి అడ్డుగోడ. గోలేమీ పడని మ్యాచ్‌కు నేను అంతగా చప్పట్లు కొట్టిన జ్ఞాపకం లేదు. నెల తిరిగేసరికి కోల్‌కతాలో బంగ్లాదేశ్‌తో 88వ నిమిషంలో ఆదిల్ ఖాన్ తలతో కొట్టిన గోల్ పుణ్యమా అని 1-1తో బయటపడ్డాం. స్టిమాక్ జట్టు కథంతా ఇలాగే సాగింది. పెద్దవాళ్ల మీద గుండె నిండా ఆడటం, చిన్నవాళ్ల మీద తడబడటం.

2023 మాత్రం ఆయనది. ఇంఫాల్‌లో త్రైపాక్షిక కప్పు, భువనేశ్వర్‌లో లెబనాన్‌ను ఓడించి ఇంటర్‌కాంటినెంటల్ కప్పు, బెంగళూరులో దక్షిణాసియా జట్ల శాఫ్ కప్పు. జులైలో భారత్ ఫిఫా ర్యాంకుల్లో వందలోపు, 99వ స్థానానికి వచ్చింది.

జూన్ 21న ఆ శాఫ్ టోర్నీలో పాకిస్తాన్‌తో మ్యాచ్. ఒకప్పుడు నా మ్యాచ్‌లకు జెండా పట్టిన మిత్రుడూ నేనూ రాత్రి బండి ఎక్కి కంఠీరవ స్టేడియానికి వెళ్లాం. పాకిస్తాన్ జట్టు వీసాల ఆలస్యంతో ఆ రోజే బెంగళూరులో దిగింది. వాన. ఛెత్రి మొదటి అర్ధభాగంలోనే రెండు గోల్స్ కొట్టేశాడు. హాఫ్ టైమ్‌కు కాస్త ముందు బంతి మన కోచ్, అదనపు ఆటగాళ్లు కూర్చునే డగౌట్ దగ్గర గీత దాటింది. పాకిస్తాన్ ఆటగాడు త్రో వేయడానికి బంతి తలపైకి ఎత్తాడు. వెనక నుంచి స్టిమాక్ చెయ్యి వచ్చి ఆ బంతిని తోసేసింది. త్రో మనకే రావాలని ఆయన వాదన. ఆ తర్వాత జరిగింది మీకు తెలుసు. రెండు జట్లవాళ్లూ ఒకరి మీద ఒకరు పడ్డారు, రెఫరీ ఎర్ర కార్డు తీశాడు. స్టేడియం అంతా అరుస్తుంటే, మేమిద్దరం మాత్రం రెఫరీ ఏ క్షణంలో కార్డు తీశాడు, నాలుగో అధికారి ఎక్కడున్నాడు అని చర్చించుకుంటున్నాం. పక్కన కూర్చున్న కుర్రవాళ్లు మమ్మల్ని వింతగా చూశారు.

మ్యాచ్ 4-0. ఛెత్రి హ్యాట్రిక్. తప్పయిందని కోచ్ ఎక్కడా అనలేదు. పైగా, తన పిల్లల కోసం అవసరమైతే మళ్లీ అదే చేస్తానన్నాడు. అన్నట్టే కువైట్‌తో మ్యాచ్‌లో మరో ఎర్ర కార్డు తెచ్చుకున్నాడు. సెమీస్, ఫైనల్ రెండింటికీ సహాయ కోచ్ మహేశ్ గావ్లీ టచ్‌లైన్ దగ్గర నిలబడ్డాడు. ఫైనల్లో కువైట్ మీద పెనాల్టీల్లో 5-4తో గెలిచినప్పుడు అసలు కోచ్ మైదానం బయటే ఉన్నాడు.

నా మిత్రుడు పుస్తకం మనిషి. తిరుగు బండిలో నాకు పాఠం చెప్పాడు: మన కాలంలో కోచ్‌కు కార్డు లేదు, మందలించేవాళ్లం, మితిమీరితే బయటికి పొమ్మనేవాళ్లం. 2019 నుంచి కోచ్‌లకూ కార్డులు వచ్చాయి. అవతలి జట్టు ఆట మొదలుపెట్టకుండా బంతిని ఆపితే కోచ్‌కు నేరుగా ఎర్ర కార్డేనని నిబంధనల్లో రాసి ఉంది. అంటే కోచ్‌లకు కార్డులు వచ్చిన ఏడాదే స్టిమాక్ ఇండియాకు వచ్చాడన్నమాట. ఈ జాతకం బాగాలేదని ఇద్దరం నవ్వుకున్నాం.

ఆ తర్వాత దిగడం మొదలైంది. నవంబర్‌లో కువైట్‌ను వాళ్ల గడ్డ మీదే మన్‌వీర్ గోల్‌తో ఓడించినప్పుడు ఆశలు రేగాయి. 2024 జనవరిలో ఆసియా కప్‌లో ఆస్ట్రేలియా, ఉజ్బెకిస్తాన్, సిరియా చేతిలో వరుసగా ఓటములు, ఒక్క గోల్ కూడా లేదు. మార్చిలో గువాహటిలో ఛెత్రి 150వ మ్యాచ్. ఆయన గోల్ కొట్టినా ఆఫ్గనిస్తాన్ 2-1తో గెలిచింది. ఆ ఓటమికి కోచ్ జవాబు చెప్పాల్సిందే, అందులో నాకు సందేహం లేదు. అయిదేళ్లు చేతిలో ఉన్న జట్టు ఆఫ్గనిస్తాన్ మీద రెండు మ్యాచ్‌ల్లో ఒక్కటీ గెలవలేకపోతే ఆ నేరం ఈల మీద వేయకూడదు. సరైన స్ట్రైకర్లు లేరని, క్లబ్బులు ఆటగాళ్లను శిబిరాలకు సరిపడా రోజులు వదలడం లేదని ఆయన చెప్పిన మాటల్లో నిజముంది. కానీ ఉన్నవాళ్లతో ఆడించడమే కదా కోచ్ పని. రహీమ్ సాబ్‌కు మాత్రం ఎవరు ఎన్ని రోజుల శిబిరం ఇచ్చారు?

జూన్ 6న కోల్‌కతాలో ఛెత్రి వీడ్కోలు, కువైట్‌తో 0-0. జూన్ 11న మళ్లీ దోహా, మళ్లీ ఖతార్. గెలిస్తే మనం మొదటిసారి ప్రపంచ కప్ క్వాలిఫయింగ్ మూడో రౌండ్‌కు వెళ్తాం. ఖతార్ అప్పటికే అర్హత సాధించేసింది కాబట్టి కుర్రవాళ్లను దించింది. 37వ నిమిషంలో లాలియన్‌జువాలా ఛాంగ్తె గోల్. మా ఇంట్లో గోల్‌కు నేను ఎగరడం మా మనవరాలు మొదటిసారి చూసింది.

73వ నిమిషం. తలతో కొట్టిన బంతిని గుర్‌ప్రీత్ ఆపాడు, అది జారి గోల్ పక్కన గీత దాటింది. మొత్తంగా దాటింది. ఖతార్ ఆటగాడు కాలితో దాన్ని వెనక్కి లాగాడు, యూసుఫ్ ఐమన్ లోపలికి తోశాడు. మనవాళ్లు ఆట ఆగిపోయిందనుకుని నిలబడిపోయారు. కొరియా రెఫరీ గోల్ ఇచ్చాడు. వీడియో రెఫరీ ఆ మ్యాచ్‌లో లేడు. బంతి మొత్తం, గీత మొత్తం దాటితేనే బయటికి వెళ్లినట్టు అన్నది రెఫరీ పరీక్షలో అడిగే మొదటి ప్రశ్నల్లో ఒకటి. అది చూడాల్సింది గోల్ గీతకు సూటిగా నిలబడ్డ సహాయ రెఫరీ. నేను అలవాటు ప్రకారం అతని కోసం వెతికాను. బంతికీ అతనికీ మధ్య ఇంతమంది ఉన్నారు. గోల్ స్తంభం, గోల్‌కీపర్, నేలబారుగా పడ్డ కాళ్లు. అతని కంటికి ఆ అంగుళాలు ఆనలేదు. క్షమిస్తానా అంటే, లేదు. ఆ స్థాయి మ్యాచ్‌లో నిశ్చయంగా తెలియనప్పుడు సహచరులను అడగాలి. ఈల నోట్లో ఉన్నంత మాత్రాన నోరు మూసుకోనక్కర్లేదు. 85వ నిమిషంలో ఖతార్ రెండో గోల్ కొట్టి 2-1తో గెలిచింది. మన ఫుట్‌బాల్ సమాఖ్య ఫిర్యాదు చేసింది కానీ స్కోరు మారలేదు.

జీవితమంతా లేని తప్పులకు కూడా రెఫరీ మీదికి వెళ్లిన మనిషి, నిజంగా అన్యాయం జరిగిన రాత్రి ఎర్ర కార్డు లేకుండానే మైదానం దిగాడు. జూన్ 17న ఆయన్ను ఉద్యోగం నుంచి తీసేశారు. 2026 దాకా ఒప్పందం ఉండటంతో గొడవ ఫిఫా దాకా వెళ్తుందన్నారు, చివరికి దాదాపు 4 లక్షల డాలర్లకు రాజీ కుదిరింది.

ఆ వారం మిత్రుడు ఫోను చేశాడు. ఖతార్ గోల్ గురించి ఇద్దరిదీ ఒకే మాట, అక్కడ వాదన లేదు. బెంగళూరు త్రో దగ్గరికి వచ్చేసరికి మళ్లీ మొదలైంది. నేనైతే ఆ రోజు స్టిమాక్‌ను పక్కకు పిలిచి పసుపు కార్డుతో సరిపెట్టేవాణ్ణి అన్నాను. నిబంధన సంఖ్యతో సహా చదివి వినిపించాడు. వాన పడుతోంది, ఎదురుగా పాకిస్తాన్, స్టేడియం నిండా జనం, ఇవన్నీ చూసి కదా ఈల ఊదాలి అన్నాను. అవన్నీ చూస్తే ఈల ఊదలేవు అన్నాడు. ఎండాకాలం పోయాక వాళ్ల ఊరు రమ్మన్నాడు, కూర్చుని తేల్చుకుందామని.